చౌక పెట్టె - దాని అసలు ధర

(ఎం.టెక్. ద్వితీయ సంవత్సరం, హాస్టల్ పూర్వ విద్యార్థి)

వార్షికోత్సవ సంచికకు సైన్సు మీద ఏదైనా వ్యాసం రాయమని వార్డెన్ గారు అడిగారు. అంతరిక్షం గురించో కృత్రిమ మేధ గురించో రాస్తానని తమ్ముళ్ళు అనుకొని ఉంటారు. వాటి మీద రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. మన ఊళ్ళల్లో ఇళ్ళ మీద, బడుల మీద, పాలకేంద్రాల మీద ఇనుప గొట్టానికి బిగించి ఉండే తెల్లటి ప్లాస్టిక్ పెట్టె గురించి మాత్రం ఎవరూ రాయరు. జనం దాన్ని "నెట్ డబ్బా" అంటారు. మా చదువులో దాని పేరు సీపీఈ, అంటే కస్టమర్ ప్రెమిసెస్ ఎక్విప్‌మెంట్. కస్టమర్ ఇంటి దగ్గర ఉండే పరికరం అని అర్థం. ఆ డబ్బా గురించే ఈ వ్యాసం.

కేబుల్ వాళ్ళు తీగ లాగని ఊరికి, ఫైబర్ రాని తండాకు ఇంటర్నెట్ గాలిలో వస్తుంది. మండల కేంద్రంలో ఒక చిన్న సంస్థ పెద్ద కంపెనీ దగ్గర ఫైబర్ కనెక్షన్ తీసుకుంటుంది. ఎత్తయిన మేడ మీదో టవర్ మీదో ఒక రేడియో పెడుతుంది. నాలుగైదు కిలోమీటర్ల పరిధిలో ఉన్న ఇళ్ళ మీద డబ్బాలు బిగిస్తుంది. టవర్ మీది రేడియో, ఇంటి మీది డబ్బా ఒకదానికొకటి కనిపించాలి. మధ్యలో చింతచెట్టు అడ్డం వచ్చినా సిగ్నల్ పడిపోతుంది. డబ్బా నుంచి ఒక కేబుల్ ఇంట్లోకి దిగుతుంది, అక్కడినుంచి వైఫై. 2023లో ఎయిర్‌టెల్, జియో "ఎయిర్‌ఫైబర్" పేరుతో మొదలుపెట్టిన సేవ కూడా సూత్రం చూస్తే ఇలాంటిదే, వాళ్ళ పెట్టుబడి వేరు. నేను చెప్పేది చిన్న సంస్థల గురించి. ఐదారుగురు కుర్రవాళ్ళతో, రెండు బైకులతో, అప్పు తెచ్చి నడిపే సంస్థల గురించి. మన హాస్టల్‌లో చదివి డిప్లొమా చేసిన అన్నలు కొందరు ఇప్పుడు అలాంటి చోట్లే పనిచేస్తున్నారు. నేను కూడా రెండు వేసవి సెలవుల్లో ఒక సంస్థలో పనిచేశాను. రోజుకూలీ ఇచ్చి, నిచ్చెన చేతికిచ్చేవారు.

అక్కడ నేను ఎక్కువగా విన్న మాట ఒకటే. "ఇంకా తక్కువలో డబ్బా దొరకదా?"

చౌకదనం చేసిన మేలు

ముందుగా ఒక మాట చెప్పాలి. చౌక వస్తువును తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. సెకండ్ హ్యాండ్ పుస్తకాలు, సెకండ్ హ్యాండ్ ఫోను లేకపోతే ఈ చదువు సాగేది కాదు. గాలిలో ఇంటర్నెట్ పల్లెకు వచ్చిందంటే అది కూడా చౌకదనం వల్లనే.

ఎలాగంటే, వైఫై చిప్పులు నిజానికి ఇంట్లో ఒక గదిలోనుంచి ఇంకో గదికి మాట్లాడుకోవడానికి తయారైనవి. ల్యాప్‌టాపుల కోసం, ఫోన్ల కోసం కోట్ల సంఖ్యలో తయారవుతుండటంతో వాటి ధర పడిపోయింది. అదే చిప్పుకు గురిగా చూసే యాంటెన్నా తగిలిస్తే కిలోమీటర్ల దూరం పోతుందని ఇంజనీర్లు గమనించారు. మన దేశంలో 2005లో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అవసరం లేకుండా చేశారు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ దగ్గర మొత్తం 605 మెగాహెర్ట్జ్‌ను ఆరుబయట కూడా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చన్నారు. తరంగాలకు కోట్లు కట్టనక్కరలేదు, చిప్పు చౌక. ఇక చిన్నవాడు కూడా ఇంటర్నెట్ సంస్థ పెట్టగలడు.

అంతకుముందే దీన్ని చేసి చూపినవాళ్ళున్నారు. కాన్పూర్ ఐఐటీ వాళ్ళు గంగా మైదానంలో పల్లెలను వైఫైతో కలిపారు. మన పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ "అశ్విని" పేరుతో గ్రామాలకు ఇలాంటి లింకులు వేసింది. తమిళనాడులో తేని పట్టణంలోని అరవింద్ కంటి ఆసుపత్రి, అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి చుట్టుపక్కల ఊళ్ళలోని కంటి పరీక్షా కేంద్రాలకు వైఫై లింకులు ఏర్పాటు చేశారు. పల్లెలో కూర్చున్న ముసలమ్మ కన్నును తేనిలో డాక్టరు వీడియోలో చూసేవాడు. ఇవన్నీ ఖరీదైన టెలికాం యంత్రాలతో అయ్యే పనులు కావు.

కాబట్టి చౌక డబ్బాను వాడటం తప్పు కాదు. డబ్బా మీద రాసిన ధర తక్కువైనంత మాత్రాన ఖర్చు తగ్గిందా, లేక ఇంకొకరి నెత్తికి మారిందా అన్నదే ప్రశ్న.

కుళాయి దగ్గర వరుస

హాస్టల్‌లో ఉన్నవాళ్ళకు ఈ విషయం అర్థం చేయించడం సులభం. పొద్దున్నే ఒకే కుళాయి దగ్గర పదిమంది బకెట్లతో నిలబడతారు. కుళాయి పూర్తిగా తిప్పితే ఒక్కో బకెట్టు నిమిషంలో నిండుతుంది. అందులో ఒకడు మూతి సన్నంగా ఉన్న క్యాను తెచ్చాడనుకోండి. నీళ్ళు బయటికి చిందకూడదని కుళాయిని సన్నటి ధారగా తిప్పి పట్టుకుంటాడు. వాడు తీసుకునేది కూడా ఒక బకెట్టు నీళ్ళే. కానీ వాడు కుళాయి దగ్గర పది నిమిషాలు నిలబడతాడు. వెనకవాళ్ళందరికీ ఆలస్యం. పైన ట్యాంకులో నీళ్ళు నిండుగా ఉన్నాయి, కుళాయి బాగుంది, అయినా ఆలస్యమే.

టవర్ మీది రేడియో ఆ కుళాయి. అది ఒక క్షణంలో ఒక డబ్బాతోనే మాట్లాడుతుంది. అక్కడ పంచుకునేది వేగాన్ని కాదు, సమయాన్ని. సిగ్నల్ బాగా అందుకునే డబ్బాతో టవర్ సెకనుకు 100 మెగాబిట్ల వేగంతో మాట్లాడుతుందనుకుందాం. సిగ్నల్ సరిగా అందుకోలేని డబ్బాతో నిదానంగా, ప్రతి మాటా విడమరిచి చెప్పినట్లు, 10 మెగాబిట్ల వేగంతోనే మాట్లాడగలదు. ఇప్పుడు పది ఇళ్ళు ఉన్నాయి. ఒక్కో ఇంటికి 10 మెగాబిట్ల సమాచారం పంపాలి. పది డబ్బాలూ మంచివైతే ఒక్కోదానికి సెకనులో పదోవంతు చొప్పున మొత్తం ఒక సెకను. తొమ్మిది మంచివి, ఒకటి నాసిరకం అయితే? తొమ్మిదింటికి 0.9 సెకను, ఆ ఒక్కదానికే ఒక సెకను. మొత్తం 1.9 సెకన్లు. రెండు నాసిరకం డబ్బాలుంటే 2.8 సెకన్లు. ఒక్క ఇంట్లో మిగిల్చిన డబ్బు పది ఇళ్ళ వేగాన్ని సగానికి కోసింది.

ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. ఫ్రాన్సులోని గ్రెనోబుల్ పరిశోధకులు 2003లోనే వైఫైలో ఈ లక్షణాన్ని గుర్తించి ప్రచురించారు. నిదానంగా మాట్లాడే ఒక్క పరికరం ఉంటే వేగంగా మాట్లాడే పరికరాలన్నీ దాదాపు దాని స్థాయికే దిగిపోతాయని చూపారు. తర్వాత వచ్చిన యంత్రాలలో కొన్ని ప్రతి డబ్బాకు ఇంత సమయమే అని కోటా పెడతాయి. అప్పుడు మిగతావాళ్ళు బతికిపోతారు గానీ, ఆ నాసిరకం డబ్బా ఉన్న ఇంటికి మాత్రం కోటా అయిపోతూనే ఉంటుంది. ఆ ఇల్లు సాధారణంగా ఎవరిది? ఊరి చివరిది, టవర్‌కు దూరమైనది, తక్కువ ప్లాను తీసుకున్నది. మన కాలనీలు ఊళ్ళో ఎటువైపు ఉంటాయో నేను చెప్పనక్కరలేదు.

సరే, చౌక డబ్బా సిగ్నల్‌ను ఎందుకు సరిగా అందుకోదు? ముఖ్యంగా యాంటెన్నా వల్ల. చిన్న చదరపు డబ్బాలో ఉండే యాంటెన్నా బలం సుమారు 13 డెసిబెల్స్ ఉంటే, చిన్న డిష్ ఉన్న డబ్బాకు 23 దాకా ఉంటుంది. డెసిబెల్ లెక్కలో 10 తేడా అంటే రెట్టింపు కాదు, పదిరెట్లు. పైగా చిన్న యాంటెన్నా చూపు వెడల్పు ఎక్కువ. టవర్ ఉన్న దిక్కునే కాక పక్క దిక్కుల్లోని ఇతర సంస్థల రేడియోల రొద కూడా చెవిన వేసుకుంటుంది. తాను మాట్లాడేటప్పుడు కూడా అన్ని దిక్కులకూ అరుస్తుంది, పక్కవాడి కస్టమర్లకు కూడా ఇబ్బందే. లైసెన్సు లేని బ్యాండు అంటే ఊరుమ్మడి పోరంబోకు లాంటిది. ఎవరినీ వెళ్ళిపొమ్మనే హక్కు ఎవరికీ లేదు కాబట్టి, అరవకుండా మాట్లాడే పరికరం అందరికీ మేలు చేస్తుంది.

ఇంకొక చిన్న సంగతి. కొన్ని డబ్బాలలో దేశం పేరు, ఫ్రీక్వెన్సీ, బలం ఇష్టం వచ్చినట్లు మార్చుకునే వీలుంటుంది. సిగ్నల్ చాలనప్పుడు వేరే దేశం పేరు పెట్టి బలం పెంచేయడం చాలామందికి అలవాటు. 5.6 గిగాహెర్ట్జ్ దగ్గర కొన్ని దేశాలలో వాతావరణ రాడార్లు పనిచేస్తాయి. ప్యూర్టోరికోలోని సాన్ హువాన్ విమానాశ్రయానికి సేవలందించే రాడార్‌కు 2009లో ఇలాంటి వైర్‌లెస్ ఇంటర్నెట్ పరికరాల వల్ల అంతరాయం కలిగింది. అమెరికా ప్రభుత్వ సంస్థలు పరిశోధన చేసి కారణం కనుక్కున్నాయి, అక్కడి కొందరు ఇంటర్నెట్ సరఫరాదారులకు జరిమానాలు కూడా పడ్డాయి. తుపాను మబ్బును చూడవలసిన రాడార్ కంటిలో నలుసు పడటానికి ఒక మిద్దె మీది డబ్బా చాలు.

కరెంటు, తీగ, పిడుగు

తేని కంటి ఆసుపత్రి ఉదాహరణకు మళ్ళీ వద్దాం. ఆ లింకులను కొన్నేళ్ళు నడిపాక పరిశోధకులు తమ అనుభవాన్ని 2008లో ఒక పత్రంగా ప్రచురించారు. వైర్‌లెస్ చదివేవాళ్ళు దాన్ని తప్పక చదవాలని మా సారు చెప్పారు. అందులో నన్ను ఆకర్షించినది ఏమిటంటే, ఎక్కువ సమస్యలకు కారణం రేడియో కాదు, కరెంటు. పల్లె కరెంటు ఒకసారి పడిపోతుంది, ఒకసారి ఎగసిపడుతుంది. ఆ ఎగసిపాట్లకు అడాప్టర్లు, బోర్డులు కాలిపోయేవి. కరెంటు హఠాత్తుగా పోయినప్పుడు మెమరీ కార్డులు పాడయ్యేవి. కరెంటు తక్కువగా వచ్చినప్పుడు పరికరం సగం లేచి అలాగే బిగుసుకుపోయేది. చూడటానికి దీపం వెలుగుతూ ఉంటుంది, పని మాత్రం చేయదు. పల్లెలో కరెంటు బిల్లు కన్నా ఆ కరెంటును శుభ్రం చేసుకోవడానికయ్యే ఖర్చే ఎక్కువని వాళ్ళు తేల్చారు.

చౌక డబ్బాలో మొదట కోత పడేది సరిగ్గా ఇక్కడే. లోపలి చిప్పు ఖరీదైన డబ్బాలో ఉన్నదే కావచ్చు. కానీ అడాప్టరు నాసిరకం, ఎగసిపాటును భూమిలోకి పంపే భాగం లేదు, పెట్టెకు ఎర్తింగు తీగ బిగించే స్క్రూ కూడా ఉండదు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ ప్రకటించింది. పిడుగు నేరుగా డబ్బా మీద పడనక్కరలేదు. దగ్గరలో పడినా పొడవాటి కేబుల్‌లో వోల్టేజి పుడుతుంది. అది కేబుల్ వెంట ఇంట్లోకి దిగి వైఫై రూటరును, దానికి తీగతో కలిపిన కంప్యూటరును కూడా పాడుచేయగలదు. అంటే డబ్బాలో తగ్గించిన నూరు రూపాయల భాగం కస్టమర్ కొన్న వస్తువును కాల్చగలదు.

కేబుల్ గురించి కూడా చెప్పాలి. ఇది మా ల్యాబులో నేను కొలిచి చూసిన విషయం కనుక కాస్త వివరంగా చెబుతాను. మిద్దె మీది డబ్బాకు కరెంటు కూడా నెట్ కేబుల్ ద్వారానే పోతుంది. మంచి కేబుల్‌లో ఉండేది పూర్తి రాగి. చౌక కేబుల్‌లో అల్యూమినియం తీగకు పైన రాగి పూత. చూడటానికి తేడా తెలియదు, చేతిలోకి తీసుకుంటే తేలికగా ఉంటుంది, చాకుతో గీకితే వెండిరంగు బయటపడుతుంది. అల్యూమినియంలో కరెంటు ప్రవాహానికి అడ్డు ఎక్కువ. 50 మీటర్ల దూరం, అర ఆంపియరు కరెంటు అనుకుంటే, మామూలు మందం ఉన్న రాగి తీగలో సుమారు 2 వోల్టులు పోతాయి. సన్నటి అల్యూమినియం తీగలో సుమారు 5 వోల్టులు పోతాయి. 12 వోల్టులతో నడిచే డబ్బాకు పైన 7 వోల్టులే అందితే అది ఎలా నిలబడుతుంది? మామూలప్పుడు ఎలాగో నడుస్తుంది. ఎవరైనా వీడియో మొదలుపెట్టగానే రేడియో ఎక్కువ కరెంటు అడుగుతుంది, వోల్టేజి ఇంకా పడుతుంది, డబ్బా ఆరిపోయి మళ్ళీ లేస్తుంది. కస్టమర్ "వీడియో పెడితే నెట్ పోతోందన్నా" అని ఫోను చేస్తాడు. ఆఫీసులో ఉన్నవాళ్ళు టవర్‌ను అనుమానిస్తారు. ఒకసారి ఇలాంటి ఇంటికి మేము నాలుగుసార్లు తిరిగాము. చివరికి కేబుల్ మారిస్తే సరిపోయింది.

మన ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కడం, తొడుగు పగిలిన కేబుల్‌లోకి వానచుక్క దిగి నరం వెంట నీరు నడిచినట్లు డబ్బా దాకా పోవడం వంటివి అందరికీ తెలిసినవే. కోతుల సంగతి వదిలేద్దాం. దానికి ఖరీదైన డబ్బా కూడా మందు కాదు.

తాళం ఉంది, తాళంచెవి అందరి దగ్గరా ఉంది

పైన చెప్పినవి ఒక్కో ఇంటికి వచ్చే కష్టాలు. ఇప్పుడు చెప్పబోయేది సంస్థను మొత్తంగా ముంచే కష్టం.

డబ్బా అంటే ఒక చిన్న కంప్యూటరు. దానిలో ప్రోగ్రాము ఉంటుంది, దాన్ని ఫర్మ్‌వేర్ అంటారు. ఎంత మంచి కంపెనీ రాసినా అందులో లోపాలు బయటపడుతూనే ఉంటాయి. మంచి కంపెనీ సవరించిన ఫర్మ్‌వేర్ విడుదల చేస్తుంది. పేరూ ఊరూ లేని డబ్బాకు ఆ సవరణ ఎవరు ఇస్తారు? ఒకే బోర్డు మీద ఈ ఏడాది ఒక పేరు, వచ్చే ఏడాది ఇంకో పేరు అతికించి అమ్ముతారు. అమ్మినవాడికి రేపు ఫోను చేస్తే ఆ మోడల్ ఆగిపోయిందంటాడు. ఇక పాస్‌వర్డు. లక్ష డబ్బాలకు ఒకటే పాస్‌వర్డు పెట్టి పంపుతారు. దాన్ని మార్చే తీరిక బిగించేవాడికి ఉండదు.

2016 మే నెలలో జరిగినది చూడండి. యుబిక్విటీ అనే అమెరికా కంపెనీ డబ్బాలను ప్రపంచమంతటా చిన్న వైర్‌లెస్ ఇంటర్నెట్ సంస్థలు వాడతాయి. మన దగ్గర కూడా చాలా మిద్దెల మీద అవే కనిపిస్తాయి. వాటి ఫర్మ్‌వేర్‌లో పాస్‌వర్డు లేకుండానే లోపలికి ఫైలు పంపగలిగే లోపం ఒకటి ఉండేది. కంపెనీ దాన్ని 2015లోనే సవరించింది. కానీ మిద్దెల మీదున్న వేల డబ్బాలను ఎవరూ అప్‌డేట్ చేయలేదు. దాదాపు ఏడాది తర్వాత ఒక వార్మ్, అంటే తనంతట తానే ఒకదాని నుంచి ఇంకొకదానికి పాకే ప్రోగ్రాము, ఆ దారిలో ప్రవేశించింది. ఒక డబ్బాలో దూరి, అక్కడినుంచి అదే సంస్థ నెట్‌వర్క్‌లోని పక్క డబ్బాలను వెతికి వాటిలో దూరింది. దానిలో కొన్ని రకాలు డబ్బాను ఫ్యాక్టరీ నుంచి వచ్చిన స్థితికి తీసుకుపోయాయి. అంటే టవర్ పేరు, సెట్టింగులు అన్నీ చెరిగిపోయాయి. దూరంనుంచి బాగుచేసే దారి లేదు. ప్రతి ఇంటికీ వెళ్ళాలి, మిద్దె ఎక్కాలి. ఒక్కో సంస్థకు వందల ఇళ్ళు, నిచ్చెనలేమో రెండు.

ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, యుబిక్విటీ పేరున్న కంపెనీ, సవరణ కూడా సమయానికే ఇచ్చింది. అయినా ఇలా జరిగింది. సవరణే రాని డబ్బా సంగతి ఊహించుకోండి.

వార్మ్ అయితే కనీసం నెట్ ఆగిపోయి బయటపడుతుంది. బయటపడని దాడి ఇంకా చెడ్డది. ఇంటర్నెట్‌లో మనం బ్యాంకు పేరు కొడితే దాని అసలు అంకెల చిరునామా చెప్పేది డీఎన్ఎస్ అనే వ్యవస్థ. ఏ డీఎన్ఎస్‌ను అడగాలో రూటరే చెబుతుంది. 2018లో లక్షకు పైగా ఇంటి రూటర్లలో, వాటిలో అధికభాగం బ్రెజిల్ దేశంలోనివి, ఎవరో ఆ ఒక్క అంకెను మార్చేశారు. బలహీనమైన పాస్‌వర్డులే వాళ్ళకు తలుపులు తీశాయి. కస్టమర్ తన బ్యాంకు పేరు సరిగ్గానే కొడతాడు, తెర మీద బ్యాంకు పేజీ లాంటి దొంగ పేజీ వస్తుంది. ఫోనులో వైరస్ లేదు, కస్టమర్ అనుమానాస్పదమైన లింకేదీ నొక్కలేదు. ఇంట్లో మూలనున్న డబ్బా అబద్ధం చెప్పింది, అంతే. ఉపాధి కూలీ, పెన్షను, స్కాలర్‌షిప్పు అన్నీ బ్యాంకు ఖాతాలోకే వచ్చే ఈ రోజుల్లో ఇది మనకు దూరపు ముచ్చట కాదు. డబ్బా దొంగల చేతికి చిక్కి దాని నుంచి ఇంకెవరి మీదనో దాడి జరిగితే, విచారణ కూడా మొదట వచ్చేది ఆ కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఆ ఇంటికే.

2023 అక్టోబరు 25 నుంచి 27 వరకు, మూడు రోజుల్లో, అమెరికాలో ఒకే ఇంటర్నెట్ సంస్థకు చెందిన ఆరు లక్షలకు పైగా రూటర్లను ఎవరో పనికిరాకుండా చేశారు. ఈ విషయాన్ని బ్లాక్ లోటస్ ల్యాబ్స్ పరిశోధకులు 2024 మేలో బయటపెట్టారు. అవి వైర్‌లెస్ డబ్బాలు కావు, తీగ కనెక్షను రూటర్లు. అయినా పాఠం ఒకటే. అవి మళ్ళీ లేవలేదు, పెట్టెలనే మార్చవలసి వచ్చింది. ఆ సంస్థ సేవలందించే ప్రాంతాలలో పల్లెలు చాలా ఉన్నాయి. ఆరు లక్షల పెట్టెలు మార్చగల సంస్థ కనుక నిలబడింది. రెండు వందల పెట్టెలు అప్పు తెచ్చి కొన్న మన మండల కేంద్రం అన్న నిలబడగలడా?

ప్రభుత్వాలు ఊరుకోలేదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పెట్టెలకూ ఒకటే పాస్‌వర్డు పెట్టి అమ్మడం చట్టవిరుద్ధం. మన దేశంలో వైర్‌లెస్ పరికరానికి కేంద్ర టెలికాం శాఖలోని వైర్‌లెస్ ప్లానింగ్ విభాగం ఆమోదం ఉండాలి. కానీ ఆ ఆమోదం ప్రధానంగా రేడియో తరంగాలకు సంబంధించినది. మూడేళ్ళ తర్వాత ఫర్మ్‌వేర్ ఎవరిస్తారో ఆ కాగితం చెప్పదు.

లెక్క ఎవరి పద్దులో పడుతుంది?

చిన్న సంస్థ యజమానిని నిందించడం సులభం. ఆయన వైపునుంచి లెక్క చూద్దాం. ఇవి నేను ఉదాహరణకు తీసుకున్న అంకెలు. చౌక డబ్బా 1500, మంచి డబ్బా 4000 అనుకుందాం. తేడా 2500. రెండు వందల ఇళ్ళంటే 5 లక్షలు. నెలకు 400 బిల్లు కట్టే ఇంటి నుంచి ఆ 2500 తిరిగి రావాలంటే ఆరు నెలల బిల్లు దాటాలి. చేతిలో డబ్బు లేనప్పుడు ఎవరైనా 1500 డబ్బానే ఎంచుకుంటారు. కొనే రోజున అది తెలివైన పనిగానే కనిపిస్తుంది.

ఇప్పుడు మూడేళ్ళు ముందుకు జరగండి. చౌక డబ్బా వల్ల ఏడాదికి మూడు అదనపు ట్రిప్పులు, ఒక్కో ట్రిప్పుకు కూలీ, పెట్రోలు కలిపి 300. మూడేళ్ళకు 2700. మధ్యలో ఒకసారి డబ్బా కాలిపోతే ఇంకో 1500. మొత్తం 4200. మిగిల్చిన 2500 ఎప్పుడో పోయింది. కానీ ఈ ఖర్చు వంద, రెండు వందలుగా, కొంత పెట్రోలు చీటీలో, కొంత కుర్రవాళ్ళ జీతంలో, కొంత కనెక్షన్ మానేసిన ఇంటి రూపంలో వస్తుంది. ఒక్కచోట కనిపించదు కనుక ఎవరూ కూడి చూడరు.

ఇందులో చేరని పద్దులు ఇంకా రెండున్నాయి.

ఒకటి కస్టమర్‌ది. నేను పనిచేసిన కాలంలో ఒక తండాలో డిగ్రీ మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఉండేది. స్కాలర్‌షిప్పు దరఖాస్తుకు గడువు రెండు రోజులుంది. వాన పడిన మర్నాడు వాళ్ళ డబ్బా లేవలేదు. మా దగ్గర మంచి డబ్బా స్టాకు లేదు, ఉన్న చౌక డబ్బాకు అంత దూరంనుంచి టవర్ అందలేదు. వాళ్ళ నాన్న ఆ రోజు కూలి మానుకొని అమ్మాయిని పద్దెనిమిది కిలోమీటర్లు బస్సులో తీసుకుపోయి నెట్ సెంటరులో దరఖాస్తు చేయించాడు. దరఖాస్తు పడింది. ఒక రోజు కూలి, ఇద్దరి బస్సు చార్జీలు, నెట్ సెంటరు ఫీజు మాత్రం ఏ సంస్థ లెక్కల పుస్తకంలోనూ పడలేదు. ఆ ఇంటివాళ్ళు నెల బిల్లు కూడా పూర్తిగానే కట్టారు.

రెండవది మిద్దె ఎక్కేవాడిది. అదనపు ట్రిప్పు అని నేను ఒక్క మాటలో రాశాను. అంటే ఒక కుర్రవాడు ఇంకోసారి నిచ్చెన ఎక్కడం. రేకుల కప్పు మీద నడవడం. వాన తడి ఆరకముందే ఇనుప గొట్టాన్ని పట్టుకోవడం. కొన్ని ఇళ్ళకు చేయి చాస్తే అందేంత దగ్గరలో కరెంటు తీగ ఉంటుంది, ఆ పక్కన ఇరవై అడుగుల ఇనుప గొట్టం నిలబెట్టాలి. నడుముకు కట్టుకునే బెల్టు చాలా చోట్ల ఒకటే ఉంటుంది, అది టవర్ ఎక్కేవాడికి పోతుంది. అందుకే పదిసార్లు ఎక్కించే డబ్బాను చౌక అనడానికి నాకు నోరు రాదు.

ఇవన్నీ విని ఖరీదైనదల్లా మంచిదనుకోవద్దు. టవర్‌కు అర కిలోమీటరు దూరంలో, అడ్డు లేకుండా కనిపించే ఇంటికి చిన్న డబ్బా చక్కగా సరిపోతుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అక్కరలేదు. పేరున్న కంపెనీ డబ్బాను కూడా ఎర్తింగు లేకుండా, అల్యూమినియం కేబుల్‌తో, పాత పాస్‌వర్డుతో బిగిస్తే అది కూడా నాసిరకం డబ్బాయే అవుతుంది. ఉన్న డబ్బు కొంచెమే అయితే ముందు ఎర్తింగు మీద, రాగి కేబుల్ మీద పెట్టమంటాను. తర్వాత దూరపు ఇళ్ళకు డిష్ ఉన్న డబ్బాలు. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌కు, పాస్‌వర్డు మార్చడానికి డబ్బే అక్కరలేదు. ఆఫీసులో కూర్చొని ఒక రాత్రి చేయగల పని.

ఈ పని చేస్తున్న అన్నలు డబ్బా బిగించాక ఫోనులో దాని పేజీ తెరిచి సిగ్నల్ అంకె చూడండి. అది మైనస్‌లో ఉంటుంది. మైనస్ 60కి అటూ ఇటూ ఉంటే మంచిది. మైనస్ 80 దగ్గర ఉంటే ఆ ఇంటికి ఆ డబ్బా చాలదని అర్థం, నెట్ వస్తున్నట్లు కనిపించినా సరే. ఆ అంకెను, బిగించిన తేదీని స్కెచ్ పెన్నుతో డబ్బా అడుగున రాయండి. తర్వాత ఎక్కేవాడికి అంకె ఎంత పడిపోయిందో తెలుస్తుంది. ఇంట్లో కనెక్షన్ పెట్టించుకునే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మూడు సంగతులు అడగండి. కేబుల్ రాగిదా, ఎర్తింగు ఎక్కడ కలిపారు, పాస్‌వర్డు మార్చారా. ఉరుములు మొదలైతే ఇంట్లో ఉన్న అడాప్టరును ప్లగ్గు నుంచి తీసేయండి, కేబుల్‌ను రూటరు నుంచి కూడా ఊడదీయండి. స్విచ్ ఆపితే చాలదు.

మన హాస్టల్ మిద్దె మీద కూడా ఒక డబ్బా ఉంది. ఈసారి వచ్చినప్పుడు వార్డెన్ గారి అనుమతితో పైకెక్కి చూశాను. సిగ్నల్ మైనస్ 63, కేబుల్ రాగిదే. ఎర్తింగు తీగ మాత్రం గొట్టం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది, భూమిలోకి దిగలేదు. రాగి కడ్డీ, ఐదు మీటర్ల తీగ, రెండు క్లిప్పులు కావాలి. చీటీ రాసి వార్డెన్ గారికి ఇచ్చాను.